పాత బండి వెల: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దారిలో

పాత కారు చూడబోయేవాళ్లు తెల్లారకముందే బయల్దేరాలి. ఎండెక్కాక పోతే అమ్మేవాళ్లు అప్పటికే ఓసారి సెల్ఫ్ కొట్టి, ఇంజిన్ వేడి చేసి పెడతారు. వేడెక్కిన ఇంజిన్ తన రోగాల్లో సగం దాచుకుంటుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌కు దాపరికం ఉండదు. అరిగిన వాల్వ్ సీళ్లు మొదటి నిమిషంలోనే నీలం పొగై బయటపడతాయి. సాగిన టైమింగ్ చైన్ గలగలమంటుంది. డీజిల్ బండైతే గ్లో ప్లగ్గుల సంగతి తేలిపోతుంది. అందుకే కరీంనగర్‌లో వీధి దీపాలు ఆరకముందే మేం జగిత్యాల రోడ్డెక్కాం.

మేం అంటే నేనూ, నా మిత్రుడూ. ఆయన ప్రభుత్వంలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. చదువుకునే రోజుల నుంచీ ఆయనకు మూడు కొమ్మల చుక్క ఉన్న బెంజి కారు మీద మనసు. కొత్తది కొనే స్తోమత లేదు, కొత్తవాటి మీద ఇష్టమూ లేదు. "మన మిస్త్రీలు విప్పి బిగించగలిగిన ఆఖరి తరం బెంజి కావాలె" అంటారు. అలాంటిది జగిత్యాలలో ఒకటి అమ్మకానికి ఉందని కబురొచ్చింది. దాన్ని నడిపి చూసి తీర్పు చెప్పగల మనిషి కోరుట్లలో ఉన్నాడు. సిరిసిల్ల వైపు రెండు పాత బండ్లు ఎవరికీ పట్టకుండా పడి ఉన్నాయని కూడా విన్నాం. ఒకే చుట్టులో అన్నీ చూసి రావచ్చు.

గంగాధర దాటి కొండగట్టు చేరేసరికి వెలుతురొచ్చింది. ఈ చుట్టుపక్కల ఎవరు బండి కొన్నా, కొత్తదైనా పాతదైనా, ఇక్కడి ఆంజనేయస్వామి అంజన్న దగ్గరికి తెచ్చి పూజ చేయించుకోవడం ఆనవాయితీ. 2018 సెప్టెంబర్ 11న ఈ ఘాట్ రోడ్డులోనే ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. జగిత్యాల జిల్లాలో బండి చూసేటప్పుడు పెద్దవాళ్లు ముందుగా బ్రేకుల గురించి ఎందుకు అడుగుతారో ఆ రోడ్డు మీద నిలబడితే అర్థమవుతుంది. పాత కారు విలువ కట్టేటప్పుడు పెయింటు మెరుపు కంటే బ్రేక్ పైపుల వయసుకు ఎక్కువ మార్కులివ్వాలని నేనూ నమ్ముతాను. నాలుగు చక్రాల దగ్గరా ఉండే రబ్బరు పైపులు పైకి బాగానే కనిపిస్తాయి, లోపల ఉబ్బి దారి మూసేస్తాయి. పెడల్ వదిలినా బ్రేకు వదలదు. బండి ఒక పక్కకు లాగుతుంది.

జగిత్యాల ఊళ్లోకి పోయేముందు కోట చూశాం. 1747లో కట్టిన నక్షత్రాకారపు కోట అది. ఫ్రెంచి ఇంజినీర్ల పనితనమని చెబుతారు. చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు. మిత్రుడు ఇంజినీరు కనుక కోణాలు చూస్తూ నిలబడిపోయారు. ఆయన్ని అక్కడి నుంచి కదిలించడం నాకు కష్టమైంది, ఇంజిన్ చల్లగా ఉండగానే చేరాలన్న తొందర నాది.

తెలంగాణ ఊళ్లలో పాత బండ్లు అమ్మేచోటును కన్సల్టెన్సీ అంటారు. ముందు రేకుల పందిరి, దాని కింద వరుసగా స్విఫ్ట్‌లు, ఇన్నోవాలు, లోపల ఫైనాన్సు బల్ల. ఆ వరుస చివర దుమ్ము కప్పుకుని ఉంది మేం వెతుక్కుంటూ వచ్చిన బెంజి. 1996 మోడల్ ఇ 220, బూడిద రంగు, పుణె నంబరు. కన్సల్టెన్సీ నడిపే కుర్రాడు మర్యాదస్తుడు. రాత్రే ఫోన్‌లో చెప్పి ఉంచాం కాబట్టి బండిని ముట్టుకోలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

ఈ మోడల్ సంగతి కొంచెం చెప్పాలి. డబ్ల్యు 124 అని కంపెనీ పిలుచుకున్న ఈ తరం 1984 చివర్లో జర్మనీలో వచ్చింది. ప్రపంచమంతా కలిపి 25 లక్షలకు పైగా తయారయ్యాయి. మెర్సిడెస్ బెంజ్ 1994లో టాటాల టెల్కోతో కలిసి భారత్‌లో కంపెనీ పెట్టి, మరుసటి ఏడాది పుణెలో బిగించి అమ్మిన మొదటి కారు ఇదే. అప్పటికి యూరప్‌లో దీని తర్వాతి తరం వచ్చేసింది. మనకు ఆలస్యంగా అందింది. ఆ ఆలస్యం మనకు మేలే చేసిందని నా అభిప్రాయం. ఎందుకంటే కంప్యూటర్లు కారంతా పాకకముందు, ఉక్కుకూ తోలుకూ లెక్క చూడకుండా ఖర్చు పెట్టిన తరం ఇది. ముందు అద్దానికి ఒకటే వైపరు. అది తిరుగుతూ తిరుగుతూ అద్దం పై మూలలకు చేయి చాపుతుంది. ఆ యంత్రానికి గ్రీజు పెట్టారా లేదా అన్నది చూస్తే చాలు, ఇంతకుముందున్న యజమాని ఎలాంటివాడో సగం తెలిసిపోతుంది. ఇక్కడ గ్రీజు లేదు.

ముందు బయట చూశాం. మిత్రుడు పెయింటు మందం కొలిచే చిన్న మీటరు తెచ్చుకున్నారు. కంపెనీ పెయింటైతే మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. మళ్లీ రంగు వేస్తే 200 దాటుతుంది. కింద పుట్టీ పెట్టి ఉంటే అంకె ఎక్కడికో పోతుంది. కొలత ఎప్పుడూ టాపు మీద మొదలుపెట్టాలి. యాక్సిడెంట్లలో టాపుకు దెబ్బ తగలడం తక్కువ, కాబట్టి అసలు రంగు అక్కడే మిగులుతుంది. మా బండికి టాపు మీద 120 వచ్చింది. ఎడమ పక్క వెనక మడ్‌గార్డు మీద 600 చూపించింది. మీటరు లేనివాళ్లు చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ఆనించినా చాలు. పుట్టీ ఉన్నచోట అది జారిపోతుంది.

తర్వాత తుప్పు. జగిత్యాల గాలి పొడి గాలి, సముద్రపు ఉప్పు లేదు. కానీ బండి పుణె నుంచి, ఆ మధ్యలో ఇంకెక్కడెక్కడి నుంచో వచ్చింది. ఈ మోడల్‌కు తుప్పు పట్టే చోట్లు తెలిసినవే: జాకీ పెట్టే నాలుగు రంధ్రాల మూతల వెనక, బ్యాటరీ కింది పళ్లెం, డిక్కీ అడుగున స్టెప్నీ గుంత. మూతలు తీసి టార్చి వేశాం. మూడు బాగున్నాయి, ఒకటి పొరలు పొరలుగా ఊడింది. కార్పెట్ ఎత్తి వాసన చూశాను. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగాక, నీళ్లలో నానిన కార్లు కడిగి ఆరబెట్టుకుని దూరపు ఊళ్ల మార్కెట్లకు చేరాయి. ముక్కవాసన, సీటు పట్టాల మీద ఎర్రటి పొడి, ఫ్యూజు పెట్టెలో పచ్చటి మరక, హెడ్‌లైటు లోపల నీటి గీత, వీటిలో ఏ రెండు కనిపించినా ఆ బండి దగ్గర ఇంకో నిమిషం ఆగకూడదు. ఈ బండి మునిగింది కాదు.

బానెట్ ఎత్తాక అసలు సంగతి తెలిసింది. 1990ల మొదటి సగంలో బెంజి ఇంజిన్ల వైరింగ్‌కు వాడిన తొడుగు వేడికి పెళుసుబారి పొడిపొడిగా రాలిపోయే రకం. ప్రపంచంలో ఈ మోడల్ కొన్నవాళ్లంతా ముందుగా చూసేది అదే. నేను ఇంజిన్ పక్కన ఒక తీగను మెల్లగా వంచాను. తొడుగు చిట్లి రాగి కనిపించింది. కుర్రాడికి ఆ విషయం తెలియదు. తెలిసి దాచలేదని వాడి ముఖమే చెప్పింది.

"గిది మారుస్తే ఎంతయితది సార్?" అన్నాడు.

"వైరింగ్ మొత్తం మార్చాలె తమ్మీ. ఒక తీగ అతికిస్తే ఇంకో తీగ పోతది" అన్నారు మిత్రుడు.

మీటరు మీద 98 వేల కిలోమీటర్లు ఉంది. బ్రేకు పెడల్ రబ్బరు గీతలు పూర్తిగా అరిగిపోయాయి. డ్రైవరు సీటు కుడి అంచు, ఎక్కి దిగేటప్పుడు రాసుకునే చోటు, తోలు చిరిగి మళ్లీ కుట్టి ఉంది. 98 వేలకు అంత అరుగుదల రాదు. పాత కారుకు కిలోమీటర్ల అంకె చూసి ధర కట్టడం నేను ఎప్పుడో మానేశాను. పెడల్, స్టీరింగ్ చక్రం, సీటు అంచు, తలుపు బిజాగరి, ఈ నాలుగింటినీ నమ్మితే చాలు. టైర్ల పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. గాట్లు నిండుగా ఉన్నా పదేళ్లు దాటిన రబ్బరు రబ్బరు కాదు.

ఆర్సీ తీయించాం. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీదివాటితో అంకె అంకె కలిపి చూశాం, కలిశాయి. పాత లగ్జరీ కార్ల లోకంలో ఈ కలయికకే పెద్ద విలువ. కానీ బండి ఇంకా మహారాష్ట్ర రిజిస్ట్రేషన్ మీదే ఉంది, అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తీసుకోలేదు. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. మార్చాలంటే ఇక్కడి లైఫ్ టాక్స్ కట్టాలి. 15 ఏళ్లు నిండిన బండి కాబట్టి ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్ చేయించాలి. కాగితాల ఖర్చును ధరలో కలపకుండా బేరమాడేవాళ్లే ఎక్కువ.

ఇవన్నీ అయ్యాకే తాళం తిప్పించాం. పొగ రాలేదు. ఇంజిన్ ఒక్కసారికే అందుకుని మెత్తగా ఆడింది. మిత్రుడి కళ్లు మెరిశాయి. కుర్రాడు 5 లక్షలు చెప్పాడు. కోరుట్ల దాకా నడిపి చూస్తామంటే సరేనని తనూ ఎక్కాడు.

జగిత్యాల నుంచి కోరుట్ల 63వ నంబరు జాతీయ రహదారి మీద పాతిక కిలోమీటర్ల లోపే. రెండు వైపులా వరి, పసుపు, మామిడి తోటలు. ఏ పల్లెకు పోయినా రంగురంగుల గ్రానైటు అంతస్తుల ఇళ్లు, వాటిలో సగం తాళాలేసి ఉంటాయి. ఇంటివాళ్లు దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, కువైట్‌లోనో. ఆడవాళ్లు అరుగుల మీద చాటల్లో బీడీలు చుడుతుంటారు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతం మగవాళ్లను గల్ఫ్‌కు పంపి బీడీల మీద ఇల్లు నడుపుకున్న నేల. ముంబై, భివండికి వలస అంతకంటే పాతది.

మేం కలవబోయిన పెద్దమనిషి కువైట్‌లో హౌస్ డ్రైవరుగా చాలా ఏళ్లు పనిచేసి తిరిగొచ్చారు. ఈ ప్రాంతంలో అలాంటివాళ్లు ఊరూరా ఉన్నారు. లగ్జరీ కార్ల గురించి పుస్తకాల్లో చదివినవాళ్లను నేను చాలామందిని చూశాను. వాటిని 50 డిగ్రీల ఎండలో రోజూ తుడిచి, నీళ్లు చూసి, గాలి పట్టి, పిల్లల్ని బడికి దింపి బతికించినవాళ్లు వీళ్లు. తమది కాని కారుకు ఒక్క గీత పడకుండా కాపాడడమే వాళ్ల ఉద్యోగం. మన జిల్లాల్లో ఈ జ్ఞానం ఇంత ఉండి, ఎవరూ దాన్ని వాడుకోకపోవడం నాకు బాధ కలిగించే విషయం. తిరిగొచ్చాక చాలామంది ఆటోలు నడుపుతున్నారు, లేదంటే ఖాళీగా ఉన్నారు.

ఆయన బండి చుట్టూ తిరగలేదు. వచ్చి తలుపు తెరిచి వేశారు, మళ్లీ తెరిచి వేశారు.

"మూడు తలుపులు ఒక తీరుగ మోగుతున్నయ్. ఎడమ వెనక తలుపు వేరే మాట మాట్లాడుతుంది. గా పక్క దెబ్బ తిన్నది సార్" అన్నారు.

పెయింటు మీటరు 600 చూపించింది ఆ పక్కనే.

తర్వాత ఆయనే నడిపారు. మెట్‌పల్లి వైపు కొంత దూరం పోయి వచ్చాం. మొదట కదిలేటప్పుడు బండి బద్ధకంగా లేస్తుందని నేను అనుమానపడ్డాను. "గది రోగం కాదు. ఈ గేర్‌బాక్స్ మెల్లగ తొక్కితే రెండో గేరులనే లేస్తది, గట్టిగ తొక్కితే ఒకటి పడుతది" అని తొక్కి చూపించారు. నిజమే, ఆ నాలుగు గేర్ల ఆటోమేటిక్ పద్ధతే అది. తెలియని మెకానిక్ చేతిలో పడితే బాగున్న గేర్‌బాక్సును విప్పి పెడతాడు. కానీ రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజిన్ ఒక్క క్షణం వట్టిగా అరిచింది. ఆ అరుపు దగ్గర ఆయన పెదవి విరిచారు. ఆగాక గేర్‌బాక్స్ ఆయిల్ పుల్ల తీసి వేలికి రాసుకుని వాసన చూశారు. ఎర్రగా ఉండాల్సింది గోధుమ రంగులో ఉంది, కాలిన వాసన.

ఏసీ గడియసేపు తిప్పి గాలి ముందు అరచెయ్యి పెట్టారు. చల్లదనం సగం. మే నెలలో జగిత్యాల 45 డిగ్రీలు చూసే ఊరు, ఏసీ లేని బెంజిలో ఎవరూ కూర్చోరు. ఇంకా పాత విదేశీ కార్లైతే ఆర్-12 గ్యాసు మీద నడిచేవి. ఓజోన్ పొరకు చేటు చేస్తుందని ఆ రకం గ్యాసుల తయారీ మన దేశంలో 2010 నాటికి ఆగిపోయింది. అలాంటి బండిలో ఏసీ మొత్తం కొత్త గ్యాసుకు మార్చుకోవాలి. ఇది ఆ తర్వాతి గ్యాసు బండి కాబట్టి గండం తప్పింది.

చాయ్ తాగుతూ, కువైట్ నుంచి అలాంటి బండి ఒకటి తెచ్చుకోవాలని ఎప్పుడూ అనిపించలేదా అని అడిగాను. అది ఈ ఊళ్లో చాలామంది ఆయన్ని అడిగే ప్రశ్నేనట. గల్ఫ్ కార్లకు స్టీరింగ్ ఎడమ పక్కన. బయట దేశం నుంచి వాడిన కారు దిగుమతి చేసుకోవాలంటే మన నిబంధనల ప్రకారం స్టీరింగ్ కుడి పక్కన ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. పైన కస్టమ్స్ సుంకం. "మా కఫీల్, అదే మా యజమాని, పాత బండి ఊకెనే ఇస్తనన్నడు సార్. ఎట్ల తెస్తం? ఆఖరి రోజు తాళం చేతుల పెట్టొచ్చిన" అన్నారు.

అలా తెచ్చుకోలేనివాళ్ల ముచ్చట తీర్చేందుకు ఢిల్లీ బండ్లు వస్తున్నాయి. ఆ ఊళ్లోనే ఒక ఫంక్షన్ హాలు ముందు నల్లటి ఎస్ క్లాస్ ఒకటి ఢిల్లీ నంబరుతో ఆగి ఉంది. రాజధాని ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని నిలబెట్టింది. అప్పటి నుంచి అక్కడి ధనవంతుల కార్లు చవకగా దక్షిణానికి దిగాయి. కోటి రూపాయల కారు పది, పన్నెండు లక్షలకు వస్తుంటే ఎవరికి ఆశ పుట్టదు? ఆ ఎస్ క్లాస్ ముందు భాగం నేలకు వంగి ఉంది. కింద ఇనుప స్ప్రింగులు లేవు, గాలి తిత్తులున్నాయి. ఒక తిత్తి చిల్లు పడితే కంప్రెసర్ విరామం లేకుండా తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది. కొన్న ధరలో చెప్పుకోదగ్గ వాటా ఒక్క రిపేరుకే పోతుంది. అందులో పెళ్లికొడుకును తీసుకొచ్చిన కుర్రాణ్ని నేను తప్పు పట్టను. ఆ కారు అతనికి అమ్మి, ఈ మాట చెప్పనివాణ్ని తప్పు పడతాను.

బండి మీద తీర్పు కోసం పెద్దమనిషి వైపు చూశాం. "ఇంజిన్ గుర్రం. గేర్‌బాక్స్ పని ఉన్నది. స్టీరింగ్ బాక్స్ల ఆట ఉన్నది, బిగియ్యొచ్చు. రెండున్నరకు మించి పెట్టకున్రి" అన్నారు. నా లెక్కా దాదాపు అంతే వచ్చింది. ఈ రకం బండి పూర్తి ఆరోగ్యంగా ఉంటే ఎంతకు పోతుందో మొదట అనుకోవాలి. అందులోంచి వైరింగ్, గేర్‌బాక్స్, ఏసీ, టైర్లు, బుష్‌లు, తుప్పు పని, కాగితాలు తీసేయాలి. విప్పాక బయటపడే పనికి ఇంకొంత తీసేయాలి. మిగిలిందే ఈ రోజు ధర. అమ్మేవాడు పెట్టిన ధర దగ్గర మొదలుపెట్టి కిందికి దిగేవాడు ఎప్పుడూ ఎక్కువే ఇస్తాడు. రెండున్నర లక్షల మాట చెప్పి, బయానా ఇవ్వకుండా కుర్రాణ్ని జగిత్యాలకు పంపించాం. ఆలోచించి చెప్తానన్నాడు.

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ దారి పట్టాం. గుట్టలు, చెరువులు, టేకు చెట్లు. 1978 సెప్టెంబర్ 7న భూస్వాముల పెత్తనానికి ఎదురుగా జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడాది అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రోజుల్లో పల్లెలో కారు ఉన్న ఇల్లంటే పెద్ద భూస్వామి ఇల్లే. ఆ కుటుంబాలు ఒక్కొక్కటే పట్నం చేరాయి, ఇళ్లు బోసిపోయాయి.

అలాంటి ఒక ఇంటి పశువుల కొట్టంలో ఉంది మేం వెతికిన రెండో బండి, అంబాసిడర్ మార్క్ 2. ఇంట్లో ఒక్క పెద్దామె ఉన్నారు. కొడుకులు హైదరాబాద్‌లో. పాత ఇనుప సామాన్లవాడు ధర చెప్పి పోయాడట.

"చూడున్రి బిడ్డా, చూస్తే ఏం పోతది. మా ఆయన పోయినంక దాని దిక్కు ఎవ్వరు పోలే" అన్నారామె.

అంబాసిడర్‌ను లగ్జరీ కారంటారా అని ఇప్పటి పిల్లలు అడగవచ్చు. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గాని కారు రాని కాలంలో, ఈ పల్లెలో, ఇంతకు మించిన వైభోగం లేదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దీనికి మూలం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో 2014 దాకా తయారైంది. 1962 నుంచి 1975 దాకా వచ్చినవి మార్క్ 2లు. ముందు గళ్ల జాలీ చూస్తే గుర్తుపట్టవచ్చు. ఆర్సీ ఇనప్పెట్టెలో భద్రంగా ఉంది, 1972.

నేను ముందు చూసింది ఇంజిన్. ఎందుకో చెబుతాను. డీజిల్ చవకగా ఉన్న రోజుల్లో వేలాది అంబాసిడర్ల పెట్రోల్ ఇంజిన్లు తీసేసి డీజిల్ ఇంజిన్లు బిగించారు. మార్క్ 2కు కంపెనీ ఇచ్చింది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. కేంద్రం 2021 జూలైలో తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు దక్కుతుంది. ఇంజిన్ మారిన బండి నడవడానికి బాగుండవచ్చు, గుర్తింపుకు మాత్రం పనికిరాదు. దుమ్ము తుడిచి బ్లాకు మీద నంబరు చదివాను. ఆర్సీలో ఉన్నదే. రంగు కూడా మొదటిదే, వెలిసిపోయింది గానీ ఎవరూ తాకలేదు. సీట్ల రెగ్జిన్ ఎలుకలు కొట్టాయి. అడుగు రేకు ఒక చోట తిని పోయింది.

బండి కథ దాని విలువలో భాగమెలా అవుతుందో చెప్పడానికి పెద్ద ఉదాహరణలే ఉన్నాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని ఆర్డరిచ్చి, అది చేరకముందే 1911 ఆగస్టులో కన్నుమూశారు. బార్కర్ కంపెనీ బాడీ కట్టిన 1912 సిల్వర్ ఘోస్ట్ అది. ఎవరు చేయించారు, ఎవరి చేతుల్లోకి వచ్చింది అన్న కథ తెగకుండా ఉండడమే దాని విలువలో పెద్ద భాగం. 2022 మే నెలలో 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హాట్ కూపే 13.5 కోట్ల యూరోలకు, అంటే అప్పటి లెక్కన దాదాపు 1,100 కోట్ల రూపాయలకు అమ్ముడైంది. అలాంటివి రెండే తయారయ్యాయి, ఆ అమ్మకం దాకా రెండూ కంపెనీ దగ్గరే ఉన్నాయి. ఆ అంకెలకూ ఈ కొట్టానికీ పోలిక పెట్టను. కానీ సూత్రం ఒక్కటే. ఒకే ఇల్లు, ఒకే ఆర్సీ, మొదటి ఇంజిన్, మొదటి రంగు. ఈ నాలుగూ ఉన్న బండిని ఇనుము తూకానికి ఇవ్వడం అన్యాయం.

పెద్దామెకు అదే చెప్పాం. "కొట్టం తలుపు మూసి ఉంచున్రి అమ్మా. రంగు వేయించకున్రి, కడిగియ్యకున్రి. కొడుకులతో మేం మాట్లాడుతం" అన్నారు మిత్రుడు. ఆమె మాకు మజ్జిగ ఇచ్చారు.

వేములవాడలో రాజన్న గుడి ముందు కాసేపు ఆగి సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మానేరు ఒడ్డున ఉన్న ఈ ఊరు మరమగ్గాల చప్పుడుతోనే మొదలవుతుంది. ఇక్కడి నేత కుటుంబాలు భివండి, సోలాపూర్, సూరత్‌లలో మగ్గాల మీద పనిచేసి, కొందరు అవే సెకండ్‌హ్యాండు మగ్గాలు కొనుక్కుని తిరిగొచ్చారు. 2017 నుంచి కొన్నేళ్లపాటు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల ఆర్డర్లు ఈ మగ్గాలకే వచ్చాయి. పాత యంత్రాన్ని కొనడం, చెవితో దాని ఆరోగ్యం తెలుసుకోవడం, అరిగిన ముక్కను లేతు మీద మళ్లీ చేసుకోవడం ఈ ఊరి బతుకు.

ఒక ఆసామి షెడ్డు పక్కన కాంటెస్సా ఉంది. పక్క సందులో లేతు పని చేసే మిస్త్రీ మాతో వచ్చారు. కాంటెస్సాను హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి 2002 దాకా చేసింది. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ మానేసిన మోడల్ అచ్చులు తెచ్చి చేసిన కారు. మొదట్లో అంబాసిడర్ ఇంజినే పెట్టారు, ఆ బరువుకు అది చాలలేదు. తర్వాత వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజినే దాని ప్రాణం. ఈ బండిలో ఉన్నది ఇసుజునే.

మిస్త్రీ ఎదుట నేను ముక్కముక్కకూ అడుగుతూ పోయాను. బుష్‌లు? "మనమే చేస్తం." వాటర్ పంపు షాఫ్టు? "చేస్తం." బ్రేక్ డ్రమ్ము? "తిప్పుతం." ఇసుజు పిస్టన్ రింగులు? అదే ఇంజిన్ అంబాసిడర్ 1800లో కూడా పెట్టారు కాబట్టి దొరుకుతాయి. ముందు అద్దం, హెడ్‌లైట్ల చట్రం, తలుపు పక్క నికెల్ పట్టీ? మిస్త్రీ తల అడ్డంగా ఊపారు. అవి ముంబై కుర్లాలోనో, ఢిల్లీ మాయాపురిలోనో తుక్కు గుట్టల్లో వెతకాలి. ఉన్నాయో లేవో ఎవరూ చెప్పలేరు.

సిరిసిల్లలో నాకు స్పష్టమైంది ఇదే. పెద్ద పేరున్న కార్లను ఇక్కడి వాళ్లు ఇంజిన్ బాగుందా అని చూసి కొంటారు. కానీ ఇంజిన్ ఎంత చెడినా ఈ లేతుల మీద లేస్తుంది. లేవనివి అద్దం, రబ్బరు బీడింగు, నికెల్ పట్టీ, కంప్యూటర్ పెట్టె. ఏ ముక్క మన ఊళ్లో పుడుతుంది, ఏ ముక్క ఎక్కడా పుట్టదు అన్న లెక్కతో ధర కట్టాలి. ఇంజిన్ ఆడకపోయినా అద్దాలు, పట్టీలు, లైట్లు అన్నీ ఉన్న కాంటెస్సా మంచి కొనుగోలు. ఇంజిన్ గుర్రంలా ఉన్నా ముందు అద్దం పగిలిన కాంటెస్సా కాదు. ఈ బండికి అద్దం పగుళ్లు లేవు, కానీ ఒక హెడ్‌లైటు, మూడు పట్టీలు లేవు. ఆసామి లక్ష చెప్పారు. నేనైతే అరవై వేలిస్తాను.

ఇన్సూరెన్స్ విషయం ఒకటి ఇక్కడే చెప్పేయాలి. బండి ఐదేళ్లు దాటాక దాని ఐడీవీకి, అంటే బీమా కట్టే విలువకు, పట్టిక ఉండదు, కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకున్న మొత్తమే రాస్తారు. పాత లగ్జరీ కారు కొన్నవాళ్లు ఏజెంటు రాసిన అంకెకు సంతకం పెట్టేస్తారు. రిపేర్లకు పెట్టిన ఖర్చు బిల్లులు, ఫొటోలు చూపించి ఆ అంకెను పెంచమని అడగాలి. అడగనిదే ఇవ్వరు.

తిరుగుదారిలో జగిత్యాల కుర్రాడు ఫోన్ చేశాడు. మూడున్నరకు దిగాడు. మిత్రుడు రెండున్నరే అన్నారు, బేరం కుదరలేదు. ఆ బెంజి విషయంలో నా తీర్పు: మంచి బండి, తప్పు ధర. వైరింగ్, గేర్‌బాక్స్ మార్చాల్సిన ఇ 220కి మూడున్నర పెట్టడం కంటే, ఇంకో లక్షో రెండో ఎక్కువైనా రికార్డులు చూపించి అమ్మే యజమాని దగ్గర కొనడం నయం.

జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల వాళ్లకు ఒక మనవి. మీ ఇంటి కొట్టంలోనో, తాతగారి ఊళ్లోనో 50 ఏళ్లు దాటిన కారు ఉంటే ఇనుప సామాన్లవాణ్ని పిలవకముందు ఆర్సీ వెతకండి, ఇంజిన్, చాసిస్ నంబర్లు ఫొటో తీసి దానితో పోల్చండి. కలిస్తే పరివాహన్ పోర్టల్‌లో వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఆర్సీ, ఇన్సూరెన్స్ జతచేసి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అంతకుముందే రిజిస్టరైన బండికి పాత నంబరునే ఉంచుకునే వీలుంది.